ఒక రైలు పెట్టె, మూడు స్కేళ్లు: ప్లాస్టిక్ ఇటుకలు నేర్పే భౌతికశాస్త్రం

మూడు వారాల పాటు రాత్రిళ్లు కూర్చుని కట్టిన రైలు పెట్టె అది. ఎరుపు, బూడిద రంగు లెగో ఇటుకలతో మన ఎల్‌హెచ్‌బీ పెట్టెకు చేసిన నమూనా. అసలు పెట్టె పొడవు, వెడల్పు, చక్రాల మధ్య దూరం అన్నీ తీసుకుని ఒకే నిష్పత్తిలో తగ్గించాను. తిన్నని పట్టాల మీద చూడముచ్చటగా సాగింది. మొదటి మలుపులోకి వెళ్లగానే పెట్టె నడుము పక్కకు పొడుచుకొచ్చి, పట్టాల పక్కన కట్టిన ప్లాట్‌ఫారాన్ని పడగొట్టింది. ఆ వెంటనే తానూ పట్టాలు తప్పింది.

కొలతలన్నీ మళ్లీ సరిచూశాను. ఒక్కటీ తప్పలేదు. మరి రైలు ఎందుకు పడింది? ఇందుకు జవాబు వెతికితే, నమూనా అంటే ఏమిటో, ఇంజినీర్లు నమూనాలను ఎంతవరకు నమ్ముతారో కూడా అర్థమవుతుంది.

ముందుగా ఇటుక సంగతి

లెగో సంస్థ డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1932లో మొదలైంది. ఇప్పుడు మనం చూసే ఇటుకకు, అంటే పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉన్న ఇటుకకు, 1958 జనవరి 28న పేటెంట్ కోసం దరఖాస్తు చేసింది. 1966లో 4.5 వోల్టుల బ్యాటరీతో నడిచే రైలును తెచ్చింది. పిల్లల కోసం వచ్చిన ఈ రైళ్లను ఇవాళ ఎంతోమంది పెద్దవాళ్లు అభిరుచిగా కడుతున్నారు.

ఈ ఇటుకల కొలతలు గుర్తుంచుకోవడం తేలిక. ఒక బొడిపె నడిమి నుంచి పక్క బొడిపె నడిమికి 8 మి.మీ. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. పలుచటి పలక ఎత్తు 3.2 మి.మీ.; అంటే మూడు పలకలు ఒక ఇటుకతో సమానం. ఐదు పలకలు పేరిస్తే 16 మి.మీ., అది సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు. అందుకే పలకల దొంతరను పక్కకు తిప్పి గోడలో ఇమడ్చవచ్చు. కిటికీల అంచులు, రంగుల చారలు వంటివి అలాగే వస్తాయి.

ఇక్కడే మొదటి పరిమితి ఎదురవుతుంది. 1:45 స్కేలులో కడుతుంటే 8 మి.మీ. అంటే అసలు రైలులో 36 సెం.మీ. అడ్డంగా అంతకంటే చిన్న వివరాన్ని చూపాలంటే మామూలు పేర్పుతో కుదరదు. తక్కువ పిక్సెళ్లున్న ఫొటోలా, ఇటుక నమూనాకూ ఒక స్పష్టత హద్దు ఉంది. రైలు ఎంత చిన్నదైనా, ఇటుక మాత్రం చిన్నది కాదు.

పట్టాలు చెప్పే స్కేలు

లెగో పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే దాదాపు 45. అంటే భారతీయ రైలుకు ఈ పట్టాలు చెప్పే స్కేలు 1:45. యూరప్‌లో ఎక్కువగా ఉన్న 1435 మి.మీ. గేజ్‌కు అయితే ఇవే పట్టాలు 1:38 అవుతాయి. మన రైలును కట్టేవారికి విదేశీ నమూనాల కొలతలు నేరుగా పనికిరాకపోవడానికి ఇదే కారణం.

ఎల్‌హెచ్‌బీ పెట్టె వెడల్పు 3.24 మీటర్లు. 1:45లో అది 72 మి.మీ., అంటే 9 బొడిపెలు. బేసి సంఖ్య వస్తే నడిమి గీత బొడిపె మీద పడుతుంది. రెండు వైపులా తలుపులు, చక్రాలు సరితూగేలా అమర్చడం కష్టం. అందుకని నేను 8 బొడిపెలకు, అంటే 64 మి.మీ.కి దిగాను. దాంతో పెట్టె స్కేలు 1:51 అయింది. పట్టాలది ఒక స్కేలు, పెట్టెది మరొకటి. ఈ తేడాను కన్ను పెద్దగా పట్టించుకోదు.

మలుపులో ఏం జరిగింది?

తెలుగులో మనం రైలు పెట్టెనే బోగీ అంటాం. రైల్వే ఇంజినీర్ల భాషలో బోగీ అంటే పెట్టె కింద తిరిగే చక్రాల చట్రం. ప్రతి పెట్టెకు ముందొకటి, వెనుకొకటి ఉంటాయి. ఈ వ్యాసంలో బోగీ అన్నది ఆ అర్థంలోనే.

మలుపులో రెండు బోగీలూ పట్టాల మీదే ఉంటాయి. వాటి మీద కూర్చున్న పెట్టె మాత్రం తిన్నటి కర్రలాంటిది, వంగదు. కాబట్టి పెట్టె నడుము మలుపు లోపలి వైపుకు, చివరలు బయటి వైపుకు పొడుచుకొస్తాయి. నడుము ఎంత జరుగుతుందో తెలుసుకోవడానికి తేలికైన లెక్క ఉంది. బోగీల మధ్య దూరాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని మలుపు వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించండి.

అసలు రైలుతో మొదలుపెడదాం. ఎల్‌హెచ్‌బీ పెట్టెలో బోగీల కేంద్రాల మధ్య దూరం 14.9 మీటర్లు. మన బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అనుమతించే అతి గట్టి మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. లెక్క వేస్తే నడుము జరిగేది 16 సెం.మీ. మాత్రమే. మూడు మీటర్లకు పైగా వెడల్పున్న పెట్టెకు అదొక లెక్కలోనిది కాదు.

ఇప్పుడు నమూనా. 1:51లో బోగీల మధ్య దూరం 294 మి.మీ. సాధారణ లెగో మలుపు పట్టాలు పదహారు కలిపితే పూర్తి వృత్తం అవుతుంది. దాని వ్యాసార్ధం 40 బొడిపెలు, అంటే 320 మి.మీ. అదే లెక్క వేస్తే నడుము 34 మి.మీ. జరుగుతుంది. మలుపు ఇంత గట్టిగా ఉన్నప్పుడు ఈ సూత్రం కాస్త తక్కువ చూపుతుంది. కచ్చితంగా గణిస్తే 36 మి.మీ. పెట్టె సగం వెడల్పు 32 మి.మీ. అంటే నడుము దగ్గర పెట్టె మధ్యగీత, ఉండాల్సిన చోటి నుంచి సగం పెట్టె కంటే ఎక్కువ దూరం తప్పుకుంది. ప్లాట్‌ఫారం పడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

లోపం ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది. నేను రైలును తగ్గించాను, మలుపును తగ్గించలేదు. 175 మీటర్ల మలుపును 1:45లో చూపాలంటే వ్యాసార్ధం దాదాపు 3.9 మీటర్లు కావాలి. పూర్తి వృత్తానికి సుమారు 8 మీటర్ల గది ఉండాలి. నా బల్ల మీది 320 మి.మీ. మలుపును అసలు కొలతకు పెంచితే 14 మీటర్ల వ్యాసార్ధం వస్తుంది. అలాంటి మలుపులో ఏ ఎక్స్‌ప్రెస్ రైలూ తిరగలేదు.

లాగుడు కూడా మారుతుంది

పట్టాలు తప్పడానికి మరో కారణం ఉంది. మలుపులో ఉన్న పెట్టెను ముందు కప్లింగ్ ఒక దిశలో, వెనుక కప్లింగ్ ఇంకో దిశలో లాగుతాయి. ఆ రెండు దిశల మధ్య కోణం పెరిగేకొద్దీ పెట్టెను లోపలికి గుంజే బలం పెరుగుతుంది. అసలు రైలులో, 175 మీటర్ల మలుపులో కూడా, ఈ పక్క బలం లాగుడు బలంలో ఏడో వంతుకు మించదు. నా నమూనాలో పెట్టె మలుపు వ్యాసార్ధం కంటే పొడవైనది కాబట్టి, పక్క బలం లాగుడు బలాన్నే దాటిపోతుంది. తేలికైన పెట్టె ముందుండి, బరువైనవి వెనుక ఉంటే, ముందుది లోపలికి ఒరిగి పడుతుంది. అందుకే బరువైన పెట్టెలను ఇంజిన్ వెనుకే పెట్టాలి, బరువును వీలైనంత కిందకు తేవాలి.

ఇంజిన్ ఎంత లాగగలదన్నది మోటారు శక్తి మీద మాత్రమే ఆధారపడదు. చక్రం జారకుండా పట్టాను ఎంత పట్టుకోగలదన్నదీ ముఖ్యమే. మన డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ బరువు 123 టన్నులు. అది చూపగల గరిష్ఠ లాగుడు బలం దాని బరువులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. దాని ఆరు ఇరుసులూ మోటార్లతో తిరుగుతాయి కాబట్టి బరువంతా పట్టుకు పనికొస్తుంది. ఇటుక ఇంజిన్‌లో చాలాసార్లు ఒక బోగీకే మోటారు ఉంటుంది. రెండో బోగీ మీద పడే బరువు లాగడానికి సాయపడదు. బ్యాటరీ పెట్టెను దాచడానికి చోటు లేదని చాలామంది దాన్ని వెనుక పెట్టెలోకి నెడతారు. నా అభిప్రాయంలో అది పొరపాటు. ఆ బరువును మోటారు బోగీ మీదే ఉంచండి, మీ రైలుకు ఇంకో పెట్టె తగిలించవచ్చు.

మీరే కొలిచి చూడండి

తిన్నని పట్టాలను ఒక చెక్క పలక మీద కదలకుండా బిగించండి. పెట్టెను దాని మీద ఉంచి, పలక ఒక చివరను మెల్లగా ఎత్తండి. పెట్టె తనంతట తాను దొర్లడం మొదలైనప్పుడు ఆపి, ఎత్తును అడ్డంగా ఉన్న దూరంతో భాగించండి. అది పెట్టె నిరోధం. తర్వాత ఇంజిన్‌ను మోటారు నడుస్తుండగా వాలు ఎక్కించండి. చక్రాలు తిరుగుతూ ఇంజిన్ ముందుకు పోలేని వాలును అలాగే కొలవండి. అది ఇంజిన్ పట్టు. చక్రాలు జారకముందే మోటారే ఆగిపోతే, మీ ఇంజిన్‌కు కొరత పట్టులో కాదు, మోటారులో ఉందన్నమాట.

60 సెం.మీ. దూరానికి 2 సెం.మీ. ఎత్తగానే పెట్టె కదిలిందనుకుందాం. ఇంజిన్ 18 సెం.మీ. దగ్గర జారిందనుకుందాం. 18ని 2తో భాగిస్తే 9. సమతలం మీద ఆ ఇంజిన్ తన బరువుకు సుమారు 9 రెట్లు లాగగలదు. మలుపులో చక్రాల అంచులు పట్టాలకు రాసుకుంటాయి కాబట్టి ఈ సంఖ్య తగ్గుతుంది.

గురుత్వాకర్షణ తగ్గదు

గంటకు 110 కి.మీ. వేగాన్ని 1:45లో తగ్గిస్తే సెకనుకు 68 సెం.మీ. ఆ వేగంతో చిన్న వృత్తాన్ని రైలు మూడు సెకన్లలో చుట్టేస్తుంది. లెక్క ప్రకారం సరైనదే, కానీ కంటికి బొమ్మలాగే కనిపిస్తుంది. గురుత్వాకర్షణను మనం 45 రెట్లు తగ్గించలేకపోవడం ఇందుకు ఒక కారణం. లోలకం పొడవు 45 రెట్లు తగ్గితే అది సుమారు 6.7 రెట్లు వేగంగా ఊగుతుంది. నమూనా రైలు ఊగడం, వేలాడే కప్లింగ్ కదలడం అన్నీ అలాగే వేగంగా ఉంటాయి. సినిమాల్లో చిన్న నమూనాలను ఎక్కువ ఫ్రేములతో చిత్రీకరించి నెమ్మదిగా చూపేది ఈ తేడాను దాచడానికే. మీ రైలు బరువైనదిగా కనిపించాలంటే లెక్క చెప్పే వేగం కంటే నెమ్మదిగా నడపండి.

రోడ్డు బండ్లకూ ఇదే చిక్కు. ఆటో వెడల్పు సుమారు 1.3 మీటర్లు. 1:45లో 29 మి.మీ., అంటే మూడున్నర బొడిపెల పైన. మూడుతో కడితే బక్కగా, నాలుగుతో కడితే కాస్త లావుగా వస్తుంది. పైగా 1978 నుంచి వస్తున్న లెగో బొమ్మ మనిషి ఎత్తు దాదాపు 40 మి.మీ., నడుము 16 మి.మీ. ఎత్తు ప్రకారం అతడు సగటు మనిషే. నడుము మాత్రం అసలు కొలతలో 72 సెం.మీ. అవుతుంది. నాలుగు బొడిపెల ఆటో వెనుక సీట్లో అలాంటివాళ్లు ఇద్దరు పట్టడమే కష్టం. ఆటో స్కేలుకు కట్టాలో, డ్రైవరు కోసం కట్టాలో ముందే తేల్చుకోవాలి.

నదికి కూడా రెండు స్కేళ్లు

ఒకే వస్తువుకు వేర్వేరు స్కేళ్లు వాడటం మోసం అనుకునే అభిరుచిదారులు ఉన్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, 1916లో మొదలైన కేంద్ర జల విద్యుత్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ నదులకు, ఆనకట్టలకు, ఓడరేవులకు భౌతిక నమూనాలు కట్టి పరీక్షిస్తారు. కిలోమీటరు వెడల్పు, 5 మీటర్ల లోతు ఉన్న నదిని 1:500లో తగ్గిస్తే ఏమవుతుందో చూడండి. వెడల్పు 2 మీటర్లు, లోతు 1 సెం.మీ. అంత పలుచటి నీటి పొరలో జిగట, తలతన్యత వంటివి పెత్తనం చేస్తాయి. అసలు నదిలా అది పారదు. అందుకే నదీ నమూనాల్లో లోతుకు వేరే స్కేలు వాడే పద్ధతి జల ఇంజినీరింగ్‌లో ఉంది. ఏ కొలతను ఎందుకు మార్చారో రాసిపెడతారు, ఫలితాలను దానికి తగినట్టు సరిచేసి చదువుతారు. ఆనకట్ట భద్రత ఇలాంటి నమూనా మీద ఆధారపడినప్పుడు, ఆ మార్పు ఏమిటో తెలియకపోవడమే అసలు ప్రమాదం.

నా పెట్టెను విప్పి మళ్లీ కట్టాను. వెడల్పు, ఎత్తు, కిటికీల వరస అలాగే ఉంచాను. 58 బొడిపెల పొడవును 40కి తగ్గించాను, బోగీల మధ్య దూరాన్ని 192 మి.మీ.కి తెచ్చాను. కిటికీలు కొన్ని తగ్గాయి. నడుము జరిగేది 34 నుంచి 14 మి.మీ.కి పడిపోయింది. ఇప్పుడు పట్టాలది 1:45, వెడల్పు 1:51, పొడవు 1:74. పెట్టె అడుగున ఈ మూడు సంఖ్యలూ రాసి అంటించాను.

ప్లాట్‌ఫారాన్ని తిన్నని పట్టాల పక్కకు మార్చాను. మలుపులోనే ఉంచాలంటే పట్టాల మధ్యగీత నుంచి 6 బొడిపెలు దూరం జరపాలి. అప్పుడు తిన్నని భాగంలో పెట్టెకు, అంచుకు మధ్య 16 మి.మీ. ఖాళీ వస్తుంది, అసలు కొలతలో అది 80 సెం.మీ. పైనే. మలుపులో కట్టిన నిజమైన స్టేషన్లలో రైలుకు, ప్లాట్‌ఫారానికి మధ్య సందు పెద్దదిగా ఎందుకు ఉంటుందో, అక్కడ దిగేటప్పుడు ఎందుకు చూసుకుని అడుగు వేయాలో ఈ లెక్కే చెబుతుంది.