వార్ధక్యమున ఆరోగ్యము – ఉప్పు పద్దు

మొవ్వు కుళ్ళి ఆకులు వ్రాలిన పిమ్మట కొబ్బరిచెట్టునకు మందు వేసి లాభము లేదని కోనసీమ రైతునకు ఒకరు నేర్పనక్కరలేదు. ఆ జాగ్రత్తయే మన శరీరముల యెడలను వహింపవలెనని సభ్యులకు మనవి చేయుచున్నాము.

2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు ఒక యేడాదిలో సంభవించిన 1,354 మరణములకు కారణములు విచారింపబడినవి. మన కోనసీమ అప్పటికి తూర్పు గోదావరిలోనిదే. ఆ మరణములలో నూటికి 32 గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసార వ్యాధుల వలన కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగినవి నూటికి 12 మాత్రమే.

ఈ వ్యాధులకు ముఖ్యకారణము రక్తపుపోటు. ఇది పెక్కుమందిలో ఏ బాధయు కలిగింపక పెరుగుచుండును. కావున ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఏటేట పోటు చూపించుకొనవలెను. పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని మరల మరల కనబడినచో వైద్యుని ఆశ్రయింపవలెను. ఒంట్లో బాగుగానున్నదని మాత్రలు తమంతట తాము మానరాదు.

ఇక ఉప్పు పద్దు. పెద్దవానికి దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదు. ఈ లెక్కను కిలో ఉప్పు నలుగురు పెద్దలకు 50 దినములు రావలెను. ఆవకాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పును గూడ ఈ పద్దుననే వ్రాయవలెను. మీ యింట కిలో ఎన్నాళ్ళు వచ్చుచున్నదో ఈ నెల చూడుడు.

పూర్వము కోతయు మోతయు దేహముతోనే జరిగెడివి. నేడు ఆ పని యంత్రములు చేయుచున్నను, పెక్కిండ్ల కంచములో అన్నము తగ్గలేదు. అన్నము కొంత తగ్గించి, పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచుట మేలు. పొలము పని తగ్గినవారు వారమున అయిదు దినములు, దినమునకు అరగంట చొప్పున, కాలువగట్టు వెంట చురుకుగా నడువవలెను. చుట్ట, బీడీ, ఖైనీ ఏ వయస్సున మానినను మేలే. వృద్ధులు జారిపడకుండ నూతిపళ్ళెమున పాచి గీకించి, రాత్రివేళ దీపముంచవలెను. వారిని ఒంటరిగా విడువక నలుగురితో మాటలాడనీయవలెను.

ఇంటి యజమాని పక్షవాతముతో మంచము పట్టినచో, వైద్యమునకై చేను తాకట్టు పడును. సంఘపు బాకీయు నిలిచిపోవును. కావున ప్రతి సంఘమును సర్వసభ్య సమావేశమునకు ఆరోగ్య సిబ్బందిని పిలిపించి, సభ్యులకును వారి స్త్రీలకును పోటు చూపించు నేర్పాటు చేయవలెనని కోరుచున్నాము. వాయిదా తేదీని మరువని రైతు దీనిని మాత్రము మరువనేల?