కొండసీమ విద్యార్థికి తత్త్వశాస్త్రము

కళాశాలలో చేరబోవు విద్యార్థిని పెద్దలు మొదట అడుగు ప్రశ్న, ఈ చదువు వలన ఏ ఉద్యోగము లభించునని. కుటుంబమును పోషింపవలసిన వారికి అది న్యాయమైన ప్రశ్నయే. ఆ త్రాసులో తత్త్వశాస్త్రము తేలికగా తూగును. అయినను రంపచోడవరము వంటి కొండసీమ విద్యార్థికి ఆ శాస్త్రముతో గల అవసరము తక్కువది కాదు.

ఈ సీమకు చేరువనున్న రాజమహేంద్రవరము ఆర్ట్స్ కళాశాలలో, 1918లో మైసూరు విశ్వవిద్యాలయమునకు వెళ్ళుటకు మునుపు, సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రమును బోధించిరి. ఆయన ఈ శాస్త్రమును ముందుగా కోరి ఎన్నుకొనలేదు. బంధువొకరు తాము చదివిన పుస్తకములను ఇచ్చుటచే, పేదరికమున అదియే వీలైన మార్గమయ్యెను. అట్లు చేరిన విద్యార్థియే 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతియై, 1962లో రాష్ట్రపతి అయ్యెను. అయితే ఇట్టి పదవులు వేయిమందిలో ఒకరికి లభించునవి. తక్కిన వారికి ఈ విద్య ఏమి ఇచ్చునో చూడవలయును.

మన న్యాయశాస్త్రమున ప్రసిద్ధమైన ఉదాహరణము కొండకు సంబంధించినదే. కొండపై పొగ కనబడుచున్నది గనుక అచట నిప్పు కలదని ఊహింతుము. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను అయిదు మెట్లలో ఆ ఊహను పరీక్షింతురు. పొగమంచును పొగయని భ్రమించినచో నిప్పు ఉన్నదన్న తీర్పు నిరాధారమగును. చలికాలపు ఉదయమున తూర్పు కనుమలను చూచిన వారికి ఈ హెచ్చరిక సులభముగా బోధపడును. కంటికి కనబడినది ఏమి, దానినుండి మనము ఊహించినది ఏమి అని వేరుచేసి చూచుటయే తత్త్వశాస్త్రపు తొలి పాఠము.

రెండవ పాఠము, ఉన్నదానికిని ఉండవలసినదానికిని గల భేదము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము కొండ ప్రజల పోడు సేద్యమును, అడవిలో సంచారమును నిర్బంధించినది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన రంప పోరాటమునకు ఆ నిర్బంధము ఒక ముఖ్య కారణము. చట్టమైనదెల్లయు న్యాయమగునా యన్న ప్రశ్న ఆ తరమువారికి బ్రతుకు ప్రశ్న.

మూడవ పాఠము, మాటకు అర్థము. ప్రజలు 1/70 చట్టమని పిలుచు నిబంధన, ఏజెన్సీ ప్రాంతమున ఏ వ్యక్తియు గిరిజనేతరులకు భూమి బదలాయింపరాదని చెప్పుచున్నది. మరి ప్రభుత్వము తన భూమిని గనుల యజమానులకు కౌలు కీయవచ్చునా? 'వ్యక్తి' అను మాటలో ప్రభుత్వము కూడ చేరునా? విశాఖ ఏజెన్సీలోని గనుల కౌళ్ళపై నడచిన సమత కేసులో, 1997 జూలై 11న సుప్రీంకోర్టు, చేరునని తీర్పు చెప్పెను. ఒక్క మాట అర్థముపై కొండలే ఆధారపడియుండెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము హక్కుల నిర్ణయమును గ్రామసభలో ఆరంభింపవలెనని చెప్పుచున్నది. ఆ సభలో కాగితము చదివి, "ఈ మాటకు అర్థమేమి?" అని నిలదీయగల యువకులు, యువతులు కావలయును.

విచారణ తీరికగల వారి సొత్తను అపోహ కలదు. పన్నెండవ శతాబ్దమున కళ్యాణ నగరమున మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను. వారు కాయకమును విడువలేదు, ప్రశ్నను విడువలేదు. శరణుల సంప్రదాయమున ఈ రెండును కలిసియే సాగినవి.

కనుక జీవనోపాధి నిచ్చు చదువును మాని తత్త్వశాస్త్రమును చేపట్టుమని ఎవరును చెప్పనక్కరలేదు. న్యాయశాస్త్రమో, అర్థశాస్త్రమో, వ్యవసాయమో చదువు విద్యార్థి దానితోపాటు తర్కమును, నీతిశాస్త్రమును కొంత అభ్యసించుట మేలు. కళాశాలలో ఆ వీలు లేనిచో మఠములు, వసతిగృహములు తమ గ్రంథాలయములలో ఆ పుస్తకములను ఉంచి, వారమున కొకసారి చర్చ జరుపవచ్చును. పిల్లవాడు ఇంటికి వచ్చి "ఎందుకు?" అని అడిగినప్పుడు పెద్దలు కసరక, కూర్చుండి సమాధానము వెదకుట ఆ చదువునకు ఇంటివారు చేయగల సాయము.