శిఖరము – సౌలభ్యము

రేపల్లె సీమలోని అడవులదీవి పేరులో అడవి యున్నది. ఆ సముద్రతీరమున మడ అడవులును కలవు. కాని కొండ లేదు. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రునేలపై పుట్టి పెరిగినవారు నల్లమలకు యాత్ర పోయినప్పుడు, అన్నిటికంటె ఎత్తైన శిఖరమేది, స్వామి దానిపైననే యున్నాడా యని అడుగుట సహజము.

నల్లమలలో మిక్కిలి ఎత్తైనవిగా చెప్పబడునవి భైరానికొండ, గుండ్లబ్రహ్మేశ్వరము. రెండును 900 మీటర్లకు మించినవే. అయినను నరసింహస్వామి వెలసినది వానిపై కాదు. ఆ అరణ్యములోనే, ఎగువ అహోబిలమున, ఒక గుహలో. తిరుమంగై ఆళ్వారు పది పాశురములలో కీర్తించిన ఈ దివ్యదేశము పూర్వము చేరుటకు మిగుల కష్టమైనది. నేటికిని జ్వాలానరసింహుని సన్నిధికి రాళ్ళదారిని ఎక్కవలసినదే. ఎక్కలేని వారికై స్వామి దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుడై కొలువుదీరి యున్నాడు.

తిరుమలయందును ఇట్లే. అచట ఎత్తైన నారాయణగిరిపై ఉన్నవి శ్రీవారి పాదములు. స్వామి నిలిచిన ఆనందనిలయము దానికి దిగువన ఉన్నది.

ఇందలి తత్త్వమేమి? భగవంతునకు పరత్వము, సౌలభ్యము అను రెండు గుణములు కలవని మన పూర్వాచార్యులు బోధించిరి. పరత్వము శిఖరము వంటిది, చూచి నమస్కరింపవలసినదే. సౌలభ్యము ఆ శిఖరమునుండి దిగివచ్చు నీరు వంటిది; దోసిలి పట్టిన దాహము తీరును. పిళ్ళైలోకాచార్యులవారు శ్రీవచనభూషణమున అర్చావతారమును, ఏటి వరద తీసిన పిదప మడుగులలో నిలిచిన నీటితో పోల్చిరి. దప్పిగొన్నవానికి అందునది ఆ నీరే గదా!

గుండ్లకమ్మను చూడుడు. గుండ్లబ్రహ్మేశ్వరపు కొండలలో పుట్టి, అచట నిలువక, మార్కాపురము, అద్దంకి సీమలను తడుపుచు, ఒంగోలు ప్రాంతమున సముద్రమును చేరుచున్నది. ఎత్తునకు సార్థక్యము పల్లమును తడుపుటయందే కలదు.

మోకాళ్ళు సహకరింపక దిగువ సన్నిధినుండియే మరలివచ్చిన పెద్దలు కొందఱు, తమ యాత్ర సగమే అయినదని జీవితాంతము కుములుచుందురు. వారు చింతింపవలదు. దిగువనున్నవాడును ఆ స్వామియే, పూర్ణుడే. ఎక్కగలిగినవారు భక్తితో ఎక్కుదురుగాక. ఎక్కితిమను గర్వమును మాత్రము కొండమీదనే విడిచి రావలెను. ఇంటికి వచ్చి, తమ ఊరి కోవెలలోని మూర్తికి చేతులు జోడించునప్పుడు, అహోబిలమున చూచిన స్వామియే ఇచటను ఉన్నాడని తోచినచో ఆ యాత్ర ఫలించినట్లే.