చిప్ పక్కన నీళ్ల బిందె

బదిలీ మీద కొత్త ఊరు రాగానే, సామాన్లు విప్పకముందే అమ్మ చేసే మొదటి పని బిందెలు నింపిపెట్టడం. మన జంషెడ్‌పూర్‌కు నీళ్లిచ్చే డిమ్నా జలాశయం దల్మా కొండల కింద ఎంత నిండుగా ఉన్నా, దాహమేస్తే అక్కడికి పరుగెత్తం. వంటింటి బిందెలో ముంచుకుంటాం. ఎలక్ట్రానిక్ బోర్డు మీద చిప్‌కు అలాంటి బిందెే డీకప్లింగ్ కెపాసిటర్.

సైన్స్ ప్రదర్శనకు మేము చేసిన చిన్న బండి నాకు ఈ పాఠం నేర్పింది. బండి ఆగి ఉన్నంతసేపు దూరం కొలిచే సెన్సార్ సరైన అంకెలు చూపేది. మోటారు తిరగగానే అంకెలు గంతులు వేసేవి. ఒక్కోసారి బోర్డు దానంతటదే రీసెట్ అయ్యేది. మూడు రోజులు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాం. తప్పు అక్కడ లేదు, కరెంటు వచ్చే దారిలో ఉంది.

చిప్‌లోని ట్రాన్సిస్టర్లు స్విచ్ అయిన ప్రతిసారీ కొన్ని నానోసెకన్లలోనే కరెంటు లాగుతాయి. మోటారు బ్రష్‌ల దగ్గర కూడా కరెంటు తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఏ తీగకైనా ఇండక్టెన్స్ ఉంటుంది. కరెంటు హఠాత్తుగా మారితే అది అడ్డుపడుతుంది. దారి ఇండక్టెన్స్ 10 నానోహెన్రీలు అనుకుందాం. కరెంటు 1 నానోసెకనులో 100 మిల్లీఆంపియర్లు పెరిగితే దారిలోనే 1 వోల్టు పోతుంది. 3.3 వోల్టులతో నడిచే చిప్‌కు అది పెద్ద దెబ్బే.

ఇప్పుడు చిప్ పిన్నుల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడదాం. అది 100 మిల్లీఆంపియర్లను 10 నానోసెకన్లపాటు ఇచ్చినా దాని వోల్టేజి తగ్గేది 0.01 వోల్టు మాత్రమే. ఆ తర్వాత బ్యాటరీ దాన్ని నింపుతుంది. దూరంగా పెడితే మాత్రం లాభం లేదు, మధ్యనున్న తీగ మళ్లీ అడ్డుపడుతుంది. బిందె వీధి చివర ఉంటే ఏం సుఖం?

పెద్ద బోర్డుల్లో సప్లైకి ఒక రాగి పొర, గ్రౌండ్‌కు ఒక రాగి పొర ఉంటాయి. దగ్గరగా ఉన్న ఆ రెండు పొరలూ కలిసి తామే ఒక చిన్న కెపాసిటర్ అవుతాయి. సెన్సార్ వంటి సున్నితమైన భాగాల సప్లైని వేరుచేసి, మధ్యలో ఫెరైట్ పూస పెడతారు. అది నిలకడ కరెంటును పోనిస్తుంది, వేగంగా మారే రొదను వేడిగా మార్చి అణచివేస్తుంది.

మా బండిలో మోటారు కొసల మధ్య ఒకటి, సెన్సార్ పిన్నుల దగ్గర ఒకటి సిరామిక్ కెపాసిటర్లు పెట్టాం. వాటి మీద 104 అని ఉంటుంది. అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, 1,00,000 పికోఫారడ్‌లు. అదే 0.1 మైక్రోఫారడ్. మోటారుకు బ్యాటరీ నుంచి విడిగా తీగలు వేశాం. అంకెలు కుదురుకున్నాయి.

పాడైపోయిన బొమ్మ కారు బోర్డు దొరికితే, బ్యాటరీలు తీసేసి చూడండి. చిప్ పక్కన బిందె ఎంత దగ్గరగా ఉందో గమనించండి. ప్లగ్గుతో నడిచే పరికరాలను మాత్రం విప్పకండి. ఈసారి మీ ప్రాజెక్టు మొరాయిస్తే, ప్రోగ్రామ్ మార్చే ముందు సప్లైని ఒకసారి చూడండి.