రిజిస్ట్రేషన్ నాటికి చేతిలో ఉండాల్సిన డబ్బు

ఇంటికోసం నెలనెలా దాచేవాళ్లు మొదట వెతికేది ఎక్కువ వడ్డీ. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: కొనేది ఎప్పుడు, మన చేతి నుంచి పెట్టాల్సింది ఎంత.

హైదరాబాద్‌లో 60 లక్షల ఫ్లాట్ అనుకుందాం. ఈ స్థాయి ఇంటికి విలువలో 80 శాతానికి మించి లోను ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు 48 లక్షలిస్తే 12 లక్షలు మనవి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 4.5 లక్షలు, దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. ఇంకా కడుతున్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ, మరో 3 లక్షలు. చాలామంది 12 దగ్గరే లెక్క ఆపేసి, చివర్లో పర్సనల్ లోన్‌కి పరుగెడతారు. 20 లక్షలు అనుకునే మొదలుపెట్టండి.

మూడేళ్లలోపు కొనాలనుకుంటే ఈ డబ్బుతో షేర్లు, ఈక్విటీ ఫండ్ల జోలికి వెళ్లొద్దు. 2020 జనవరిలో 42 వేలు దాటిన సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువన ముగిసింది. తర్వాత కోలుకుంది, నిజమే. కానీ ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నవాళ్లకు అది సమయానికి అందలేదు. ఏడెనిమిదేళ్ల వ్యవధి ఉంటే మాట వేరు.

దగ్గర్లో కొనేవాళ్లకు రికరింగ్, ఫిక్స్‌డ్ డిపాజిట్లే మేలు. మొత్తం ఒకే డిపాజిట్‌గా వేయకండి. రెండేసి లక్షల చొప్పున విడగొడితే, అడ్వాన్సుకు లక్ష కావాల్సివచ్చినప్పుడు ఒక్కటి రద్దుచేసుకుంటే చాలు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే కాబట్టి వేర్వేరు బ్యాంకుల్లో పెట్టండి. పన్ను ఆదా కోసం వేసే ఐదేళ్ల డిపాజిట్ మాత్రం మధ్యలో తీయలేరు.

మన ఇళ్లలో చిట్టీ మీద నమ్మకం ఎక్కువ. రిజిస్టరైన కంపెనీదైతే తప్పులేదు. అయితే మనకు కావాల్సిన నెలలోనే పాట మనకు వస్తుందన్న హామీ లేదు. వచ్చినా ష్యూరిటీలు పెట్టి, వాళ్ల కాగితాలు ఖరారయ్యేదాకా చెక్కు చేతికి రాదు. రిజిస్ట్రేషన్ తేదీని చిట్టీ పాటకు ముడిపెట్టడం నాకు సమ్మతం కాదు.

అన్నిటికంటే భయపెట్టేది ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మడం. "ఇప్పుడే మొత్తం కట్టేస్తే సగం ధరకే" అంటారు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా ఫ్లాట్లు అమ్మకూడదు. నమోదైనా, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. రెరా నమోదు నంబరు అడగండి, రెరా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. అంతవరకు డిపాజిట్లను కదపొద్దు.