అక్షింతల పురుగు – దాని ఆహారము

నందిగామ, జగ్గయ్యపేట మెట్టపొలములలో ప్రత్తి, మిరప లేతాకుల అడుగున పేనుబంక పట్టినపుడు దానిని వెదకుచు అక్షింతల పురుగు వచ్చును. వంగ ఆకును కొఱుకునట్టి దీని జ్ఞాతి వేఱు. ఇది ఆకు ముట్టదు, పేనుబంకనే తినును. అది దొరకనపుడు పుప్పొడితోను, పూదేనెతోను ప్రాణము నిలుపుకొనును గాని, ఆ ఆహారముతో గ్రుడ్లు సరిగా పెట్టజాలదు. కడుపునిండ పేనుబంక తిన్న తల్లియే పసుపుపచ్చని గ్రుడ్లను గుంపుగా, పిల్లలకు మేత దగ్గఱ నుండునట్లు, పెట్టును. మేత కఱవైనచో పిల్లపురుగులు తోడి గ్రుడ్లనే తినివేయును.

కావున పేనుబంక కనబడినంతనే పురుగుమందు చల్లినచో మిత్రునకు మేతయు, సంతానమును నశించును. పేనుబంక తఱచుగా మరల విజృంభించును. విద్యార్థులారా! మేము కోరున దొక్కటే: మందు చల్లుటకు ముందు ఆకు త్రిప్పి చూడుడు, రెంటిని లెక్కించి పెద్దలకు తెలుపుడు.