కవలలలో ఒక పిండం తొలి నెలల్లోనే కరిగిపోయినప్పుడు

గైబీ నగర్, పద్మానగర్ వంటి పేటలలోని తెలుగు కుటుంబాలలో తొలి స్కానింగు భివండీలోను, కాన్పు పుట్టింటి ఊరిలోను జరగడం పరిపాటి. మొదటి స్కానింగులో కవలలని, నెల గడిచాక ఒకే శిశువని తేలితే ఇంటిల్లిపాదీ కలవరపడతారు. యంత్రం తప్పు చూపిందని కొందరు, మగ్గాల మోత వల్లనని, గ్రహణం వల్లనని మరికొందరు అంటారు. చివరకు నింద తల్లిపైనే పడుతుంది. అది అన్యాయం.

తొలి వారాలలో కవలలుగా కనిపించిన గర్భాలలో సుమారు నూటికి 20 నుండి 30 వరకు ఇలాగే ఒక పిండం ఎదుగుదల ఆగిపోతుంది. పిండం ఏర్పడినప్పుడే క్రోమోజోములలో తలెత్తిన లోపం దీనికి తరచు కారణం. ఆ పిండం క్రమంగా తల్లి దేహంలోనే కరిగిపోతుంది. స్కానింగు లేని కాలంలో చాలామంది తల్లులకు ఈ సంగతి తెలియనే తెలియదు.

కరిగిపోయే పిండాన్ని తొలగించవలసిన పని లేదు. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉన్నది. కొందరికి రక్తస్రావం, పొత్తికడుపు నొప్పి కలుగుతాయి. గర్భం పోయిందనుకొని మందుల దుకాణంలో మాత్రలు కొని మింగినా, స్కానింగు చేయించకుండా గర్భసంచిని శుభ్రం చేయించుకున్నా, బ్రతికి ఉన్న రెండవ శిశువు కూడా దక్కదు. రక్తం కనిపించిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, రెండవ శిశువు గుండె కొట్టుకుంటున్నదో లేదో స్కానింగులో చూపించుకోవాలి. తల్లి రక్తం నెగటివ్ గ్రూపుదైతే ఆ మాట వైద్యులకు ముందే చెప్పాలి. ప్రత్యేకమైన సూదిమందు అవసరం కావచ్చు.

మిగిలిన శిశువు మాటేమిటి? మొదటి మూడు నెలలలోపే ఒక పిండం పోతే, రెండవ శిశువు చాలావరకు ఆరోగ్యంగానే పుడుతుంది. నెలలు నిండకముందే కాన్పు కావడం, బరువు తక్కువగా పుట్టడం కొంత ఎక్కువని కొన్ని పరిశీలనలలో తేలింది గనుక పరీక్షలు మానరాదు. నాలుగవ నెల తరువాత ఒక శిశువు మరణించడం మాత్రం వేరే సంగతి. ఇద్దరికీ ఒకే మాయ ఉంటే రక్తనాళాలు కలిసి ఉంటాయి. బ్రతికిన శిశువు మెదడుకు హాని కలుగవచ్చు. అందువల్ల మాయ ఒకటా, రెండా అన్నది తొలి స్కానింగులోనే అడిగి తెలుసుకోవాలి.

ఆ మొదటి కాగితాన్ని పారవేయరాదు. కరిగిన పిండం ప్రభావం వల్ల తల్లి రక్తంతో చేసే కొన్ని పరీక్షలు శిశువుకు లోపమున్నట్లు తప్పుగా చూపగలవు. పుట్టింటి ఊరిలోని వైద్యులకు తొలుత కవలలున్న సంగతి తెలిస్తేనే ఆ ఫలితాన్ని సరిగా అర్థం చేసుకోగలరు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షలకు కూడా ఈ కాగితాన్ని, మాతా శిశు రక్షణ కార్డును వెంట తీసుకొని వెళ్ళాలి.

“ఒకరైనా మిగిలారు కదా” అని తల్లిని ఊరడించే పెద్దలు, పోయిన బిడ్డ కోసం ఆమెను కొన్నాళ్ళు ఏడవనివ్వడం మంచిది.